ఇంటి వద్ద తొలి లెక్కలు

కొంతకాలం క్రిందట ఇస్నాపూర్ ప్రాంతం నుంచి ఒక శ్రోత మాకు ఉత్తరం వ్రాసినారు. ఆమెకు ఏడేండ్ల కూతురు ఉన్నది. భర్త పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక మందుల కర్మాగారంలో, ప్యాకింగు విభాగంలో పని చేస్తారు. మూడేండ్లలో వారు మూడు ఇండ్లు మారినారు. ఇల్లు మారినప్పుడల్లా పిల్లకు బడి మారినది, బడితోపాటు బోధనా భాష కూడా మారినది. చివరకు ఈ ఏడు పిల్లను ఇంటివద్దనే ఉంచి, చదువు తామే చెప్పుకొందామని భార్యాభర్తలు నిశ్చయించుకొన్నారు. చదవడం, వ్రాయడం తాను నేర్పుకొనగలననీ, లెక్కల సంగతి తలచుకొంటేనే భయంగా ఉన్నదనీ ఆమె వ్రాసినారు. పుస్తకాల దుకాణంలో ఒకటి చెప్పినారట, ప్రక్కింటివారు మరొకటి చెప్పినారట, చేతిలోని ఫోను రోజుకొకటి చూపిస్తున్నదట. “మాకు ఒక్క పుస్తకం పేరు చెప్పండి, చాలు” అని ఆ ఉత్తరం ముగిసినది.

ఒక్క పేరు చెప్పి ఊరుకొనడం సులభమే. అయితే పిల్లను చూడకుండా పుస్తకం చెప్పడం రోగిని చూడకుండా మందు వ్రాయడం వంటిదని మాకు తోచినది. అందుచేత ఆ ఇంటికి వెళ్లినాము. తరువాత ఆ ప్రాంతంలోనే ఇట్టి ప్రశ్నతో సతమతమౌతున్న మరికొన్ని కుటుంబాలను కలిసినాము. చూచినదీ, చదివినదీ కలిపి ఈ ప్రసంగంలో మీ ముందు ఉంచుతున్నాము.

ఈ ప్రశ్న ఒక్క ఇంటికి పరిమితమైనది కాదు. రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం 1960లలో వెలసినది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఏర్పడినది. 1984లో ఎద్దుమైలారంలో రక్షణశాఖ వారి కర్మాగారం వచ్చినది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం పారిశ్రామికవాడలు క్రమంగా పెరిగినవి. ఇప్పుడు ఈ ప్రాంతంలో ఒక్క వీధిలోనే తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం, ఒడియా, హిందీ వినవచ్చు. పని ఎక్కడ దొరికితే ఇల్లు అక్కడికి కదులుతుంది. ఇల్లు కదిలినప్పుడల్లా పిల్లల చదువు ఒక చోట తెగి, మరొక చోట ముడిపడుతుంది. ఆ ముడి సరిగా పడనిచోట మొదట జారిపోయేది లెక్కలే. ఎందుకంటే లెక్కల్లో నిన్నటి పాఠం రాకపోతే నేటి పాఠానికి ఆధారం ఉండదు.

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఈ సంగతి అందరికీ అనుభవానికి వచ్చినది. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమైనవి. కాని అవి మూడవ తరగతి నుంచి పైవారికి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తల్లిదండ్రులే ఉపాధ్యాయులైనారు. చిన్న తరగతులు తిరిగి బడిలో కూర్చొనే సరికి 2021 సెప్టెంబరు వచ్చినది. కనుక ఇంటివద్ద తొలి లెక్కలు చెప్పడం కొద్దిమంది ముచ్చట కొరకు చేసే పని అని ఇక అనుకొనడానికి లేదు.

పుస్తకం సంగతికి ముందు చట్టం సంగతి ఒక మాట చెప్పుకొందాము. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చినది. మధ్యలో బడికి దూరమైన బిడ్డను తిరిగి చేర్చినప్పుడు వయస్సుకు తగిన తరగతిలోనే కూర్చొనబెట్టవలెనని అందులో ఉన్నది. ఇంటివద్ద చదివే పిల్లలకు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ వారి ప్రాథమిక విద్యా కార్యక్రమం ఒక దారి. అందులో ‘ఏ’ స్థాయి మూడవ తరగతికి, ‘బి’ స్థాయి అయిదవ తరగతికి, ‘సి’ స్థాయి ఎనిమిదవ తరగతికి సమానం. దీని నుంచి తల్లిదండ్రులు గ్రహించవలసినది ఒకటి ఉన్నది. ఇంటి చదువు ఏనాడైనా బడి చదువుతో కలియవలసి రావచ్చు. ఆ రోజున బిడ్డ తన యీడు పిల్లల ప్రక్కన తడబడకుండా కూర్చొనగలగవలె. పాఠ్యక్రమాన్ని ఎన్నుకొనేటప్పుడు ఈ మాట మనస్సులో ఉండవలె.

ఇక ఆ ఇంటి సంగతి. పాప ఒకటి నుంచి వంద వరకు అంకెలు ముత్యాల వలె వ్రాసి చూపినది. తల్లి ముఖంలో తృప్తి కనిపించినది. మేము చింతగింజలు తెమ్మని, ముప్పై రెండు లెక్కపెట్టమన్నాము. తప్పు లేకుండా లెక్కపెట్టినది. కాగితం మీద 32 వ్రాయమంటే వ్రాసినది. అందులోని 2 అంకెను చూపి, దీనికి ఎన్ని గింజలని అడిగినాము. రెండు గింజలు తీసి ప్రక్కన పెట్టినది. 3 అంకెను చూపి, మరి దీనికి అని అడిగితే మూడు గింజలు తీసి పెట్టినది. ఇంకా ఇరవై ఏడు గింజలు చాప మీద మిగిలి ఉన్నవి. అవి ఎవరివి అని అడిగితే పాప తల్లి వైపు చూచినది. తల్లి మా వైపు చూచినారు.

తరువాత 32 లో నుంచి 7 తీసివేయమని కాగితం మీద ఇచ్చినాము. పాప 35 అని వ్రాసినది. క్రింది 7 లో నుంచి పైనున్న 2 తీసివేసి 5 వ్రాసి, 3 ను అట్లే దించినది. ఆ కాగితాన్ని ప్రక్కన పెట్టి, నీ దగ్గర ముప్పై రెండు రూపాయలున్నవి, దుకాణంలో ఏడు రూపాయల బిస్కత్తులు కొన్నావు, ఎంత మిగులుతుందని అడిగినాము. ఒక్క క్షణం కూడా ఆగకుండా “ఇరవై ఐదు” అన్నది. రోజూ దుకాణానికి వెళ్లి వచ్చే పిల్ల ఆమె.

శ్రోతలారా, ఆ పిల్లకు రెండు గణితాలు ఉన్నవి. ఒకటి దుకాణంలోది, మరొకటి కాగితం మీదిది. మొదటిది వచ్చును, రెండవది రాదు. ఈ రెండూ ఒకటే అని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇది ఆ పాప ఒక్కదాని లోపం కాదు. 1985లో వెలువడిన ఒక అధ్యయనం కొరకు బ్రెజిల్ దేశంలోని రెసీఫీ నగరంలో, వీధిలో సరకు అమ్ముకొనే అయిదుగురు పిల్లలను పరిశోధకులు పరీక్షించినారు. అంగడి దగ్గర అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగా చెప్పినారు. అవే లెక్కలను కాగితం మీద ఉత్త అంకెలుగా ఇచ్చినప్పుడు నూటికి 37 మాత్రమే సరిపోయినవి. 2025లో ‘నేచర్’ అనే శాస్త్ర పత్రికలో ఇట్టి అధ్యయనమే మన దేశం గురించి వెలువడినది. కలకత్తా, ఢిల్లీ నగరాల అంగళ్లలో పని చేసే పిల్లలు బేరసారాల లెక్కలు నోటితో వేయగలిగినారు, బడి తరహా లెక్కల వద్ద ఆగిపోయినారు. బడిలో చదివే పిల్లల సంగతి తలక్రిందులు. వారు కాగితం లెక్కలు చేయగలిగినారు గాని, అంగడి లెక్క వద్ద తడబడినారు. అంటే ఇరువురికీ ఆ రెండు లెక్కల మధ్య వంతెన లేకపోయినదన్నమాట. అసర్ సర్వే లెక్క ప్రకారం 2024లో మన గ్రామాలలోని మూడవ తరగతి పిల్లలలో తీసివేత చేయగలిగినవారు నూటికి 33.7 మంది. మూడవ ఏట ఇది రాని బిడ్డ నాలుగవ ఏట భాగహారం ఎట్లు చేయగలుగుతుంది? ఆ తరువాత తనకు లెక్కలు రావని ఒక ముద్ర వేసుకొని, చదువుకే దూరమయ్యే పిల్లలు ఎందరో.

కనుక మేము చెప్పదలచుకొన్నది ఇది. చేతి లెక్కకూ కాగితం లెక్కకూ మధ్య వంతెన వేసే పాఠ్యక్రమమే తొలి ఏండ్లకు తగినది. పుస్తకం ఎంత అందంగా ఉన్నది, ఎన్ని పేజీలు ఉన్నవి, ఎంత త్వరగా వేల సంఖ్యల దగ్గరకు పోతుంది అనే ప్రశ్నలు దీని తరువాతివి.

ఆ వంతెనకు నాలుగు మెట్లు ఉన్నవని చెప్పవచ్చు. మొదట బిడ్డ వస్తువులను చేతితో పట్టుకొని చూడవలె. రెండవది, తాను చేసినదానిని నోటితో చెప్పవలె. మూడవది, దానిని బొమ్మగా గీయవలె. నాలుగవదిగా అంకె, కూడిక గుర్తు, తీసివేత గుర్తు రావలె. 1966లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జెరోమ్ బ్రూనర్ చేత, బొమ్మ, గుర్తు అనే క్రమాన్ని చెప్పినాడు. 2022లో వెలువడిన మన జాతీయ పునాది దశ పాఠ్యప్రణాళిక అనుభవం, మాట, బొమ్మ, గుర్తు అనే వరుసను చెప్పినది. పిల్లలకు లెక్కలు చెప్పిన మన పాత పంతుళ్లలో మంచివారు ఈ వరుసను ఏ గ్రంథమూ చదవకుండానే పాటించి ఉంటారు. చింతగింజలు, చీపురుపుల్లలు, వేళ్ల కణుపులు లేని లెక్క మన పల్లెలలో ఎన్నడు ఉన్నది?

ఈ నాలుగు మెట్లను కొలతగా పెట్టుకొని, మనకు అందుబాటులో ఉన్నవానిని ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది మన రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి వారి పాఠ్యపుస్తకం. ఇది తెలుగులో ఉన్నది. అంతర్జాలంలో ఉచితంగా చదువుకొనవచ్చు. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పుటలలో ఉండే పుస్తకాలు కూడా వచ్చినవి. రేపు బిడ్డ బడికి తిరిగి వెళ్లితే ఆమె చేతికి వచ్చేది ఈ పుస్తకమే కనుక, ఏ ఇంటిలోనైనా ఇది ఉండవలసినదే. అయితే పాఠ్యపుస్తకాన్ని ఉపాధ్యాయుడు ముందున్నాడనే భావంతో వ్రాస్తారు. బొమ్మకు ముందు జరగవలసిన పని పుటలో కనిపించదు. దానిని తల్లి చేర్చుకొనవలె.

రెండవది జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2023లో ఒకటి, రెండు తరగతులకు తెచ్చిన ‘జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్’. దీని తరువాత మూడవ తరగతికి 2024లో ‘మ్యాథ్స్ మేలా’ వచ్చినది. ఇవి కూడా ఉచితంగా దొరుకుతవి. ఒకటవ తరగతి పుస్తకంలోని మొదటి పాఠం చూడండి. అందులో అంకెలతో మొదలుపెట్టరు. ఒక పిల్లి ఎక్కడ దాగినదని వెదుకుతారు. లోపల, బయట, పైన, క్రింద అనే మాటలు బిడ్డ నోట పలికిస్తారు. తరువాతనే ఒకటి నుంచి తొమ్మిది, ఆ తరువాత పది. తొంభై తొమ్మిది దాకా వెళ్లే సరికి పుస్తకం సగం దాటుతుంది. ఈ నిదానం చూచి తల్లిదండ్రులు కంగారు పడతారు. ఆ నిదానమే దాని సుగుణమని మా అభిప్రాయం. హిందీ, ఇంగ్లీషు, ఉర్దూ ఇండ్లవారికి కూడా ఇది పనికి వస్తుంది.

మూడవది అభ్యాస పత్రాల పద్ధతి. దీనిలో పేరుపొందినది కుమోన్. దీని పుట్టుక ఒక ఇంటిలోనే జరిగినది. 1954లో జపానులో తోరు కుమోన్ అనే ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయుడు, రెండవ తరగతి చదువుతున్న తన కుమారుని కొరకు లెక్కల కాగితాలు వ్రాయడం మొదలుపెట్టినాడు. రోజూ కొంచెం చేయడం, తేలిక నుంచి కష్టానికి పోవడం, వచ్చినది గట్టిపడే వరకు విడువకపోవడం అందులోని మంచి గుణాలు. అయితే ఆ పిల్లవాని ప్రక్కన గణితం తెలిసిన తండ్రి ఉన్నాడని మరువరాదు. భావం తెలిసిన తరువాత సాధనకు కాగితం మంచి తోడు. భావం తెలియకముందే దానిని ఇస్తే, ఆ పాప 35 వ్రాసినట్లు తప్పునే సాధన చేసే ప్రమాదం ఉన్నది.

నాలుగవది సింగపూరు పద్ధతి. 1980ల మొదట ఆ చిన్న దేశం తన ప్రాథమిక గణితాన్ని వస్తువు, బొమ్మ, గుర్తు అనే క్రమంలో తిరిగి వ్రాసుకొన్నది. 1995లో జరిగిన అంతర్జాతీయ పరీక్షలో ఆ దేశపు పిల్లలు మొదటి స్థానంలో నిలిచిన తరువాత, అమెరికాలో ఇంటివద్ద చదువు చెప్పుకొనే కుటుంబాలు ఆ పుస్తకాలను తెప్పించుకొనడం మొదలుపెట్టినవి. లెక్కను చదవగానే పొడవాటి పట్టీలుగా గీసి చూచుకొనే పద్ధతి అందులో చాలా మంచిది. కాని ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటవి, ఖరీదు కూడా ఎక్కువ. తల్లికి ఇంగ్లీషు చక్కగా వచ్చి, ఖర్చు భరించగలిగిన ఇంటిలో వానిని వాడవచ్చు. లేనివారు ఆ పట్టీల పద్ధతిని మాత్రం నేర్చుకొని మన పుస్తకానికి జోడించుకొనవచ్చు.

అయిదవది మాంటిస్సోరి పద్ధతి. ఆ మహనీయురాలు 1939లో మద్రాసు వచ్చి, అడయారులో మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. ఆమె ఏర్పరచిన బంగారు పూసలలో ఒక పూస ఒకటి, పది పూసలు గుచ్చిన కడ్డీ పది, పది కడ్డీల పలక వంద, పది పలకల దిమ్మె వేయి. బిడ్డ వేయిని రెండు చేతులతో ఎత్తి, దాని బరువును తెలుసుకొంటుంది. పూసలు కొనే శక్తి అందరికీ ఉండదు. కాని ఆ ఆలోచనను కొనవలసిన పని లేదు.

ఈ మాట దగ్గరకు వచ్చినప్పుడు, ఆ ఇంటిలో జరిగిన ఒక సంగతి చెప్పవలె. మేము మాట్లాడుతుండగా పాప తండ్రి షిఫ్టు ముగించుకొని వచ్చినారు. లెక్కల మాట వినగానే, తాను పదవ తరగతిలో లెక్కల్లోనే తప్పినాననీ, తనను అడగవద్దనీ నవ్వినారు. మీరు చేసే పని ఏమిటని అడిగినాము. మాత్రలు షీటుకు పది ఉంటవనీ, పది షీట్లు ఒక పెట్టెలో పెడతామనీ, ఆ పెట్టెలు పెద్ద అట్టడబ్బాలో సర్దుతామనీ చెప్పినారు. ఒక షీటు పది, ఒక పెట్టె వంద! మాంటిస్సోరి పూసలు రోజూ ఆయన చేతులలో తిరుగుతున్నవి. ఆ మాట చెప్పితే ఆయన కొంచెం సేపు ఊరుకొని, “గిది గూడ లెక్కేనా సారు?” అన్నారు.

ఇంటిలో వాడివేసిన ఖాళీ షీట్లు నాలుగు దొరికినవి. మందు లేకుండా చూచి, శుభ్రంగా కడిగి తుడిచినాము. (ఈ మాట తల్లిదండ్రులు తప్పక గుర్తుంచుకొనవలె. మందు ఉన్న షీటు పిల్లల ఆటవస్తువు కారాదు.) ఒక్కొక్క గుంటలో ఒక చింతగింజ చొప్పున పాప మూడు షీట్లు నింపినది, ఇంకా రెండు గింజలు విడిగా ఉన్నవి. ముప్పై రెండు. ఇప్పుడు 3 అంకెకు ఎన్ని అని అడిగితే మూడు షీట్లనూ చేతితో తట్టి చూపినది. వానిలో నుంచి ఏడు గింజలు ఇమ్మన్నాము. విడిగా ఉన్నవి రెండే. పాప కొంచెం ఆలోచించి, ఒక షీటులోని పది గింజలను చాప మీద ఒలికించినది. ఇప్పుడు రెండు షీట్లు, విడిగా పన్నెండు గింజలు. ఏడు ఇచ్చినది, అయిదు మిగిలినవి. రెండు షీట్లు, అయిదు గింజలు. ఇరవై అయిదు. దుకాణంలో వచ్చిన జవాబే వచ్చినది!

అప్పుడు తండ్రి కాగితం తీసుకొని, తాను బడిలో చేసినట్లు 3 ను కొట్టివేసి 2 చేసి, 2 ప్రక్కన 1 పెట్టినారు. ప్రక్క ఇంటి నుంచి అప్పు తెచ్చుకొనడమని తనకు చెప్పిన సంగతి ఇదేనా, షీటు విప్పడమేనా అని ఆశ్చర్యపడినారు. కూతురితోపాటు ఆయనకు కూడా ఆ సాయంకాలం ఒక పాఠం తెలిసినది. తల్లిదండ్రులకు లెక్కలు రావనే భయంతో మనం ఖరీదైన పుస్తకాల వెంట పరుగెత్తుతాము. వారి పనిలో దాగి ఉన్న లెక్కను వెలికి తీసి చూపితే, సగం పాఠ్యక్రమం ఇంటిలోనే దొరుకుతుంది. నేత పనివాని ఇంటిలో పోగుల లెక్క, తాపీ పనివాని ఇంటిలో ఇటుకల వరుసల లెక్క, పాలు పోసే ఇంటిలో అరలీటరు, పావులీటరు లెక్క.

ఇక భాష విషయం. తొలి లెక్కలకు ఏ భాష అని చాలామంది అడుగుతారు. బిడ్డ ఇంటిలో మాట్లాడే భాష అని మా సమాధానం. తెలుగు బిడ్డకు ఇందులో ఒక వరం ఉన్నది. ఇరవై దాటిన తరువాత మన సంఖ్యల పేర్లు పదులు ముందు, ఒకట్లు వెనుక చెబుతవి. ఇరవై మూడు, నలభై ఏడు, తొంభై తొమ్మిది. ముప్పైలో మూడు, నలభైలో నాలుగు, ఎనభైలో ఎనిమిది వినిపిస్తూనే ఉంటవి. డెబ్బైలో ఏడు మాత్రం కొంచెం దాగి ఉంటుంది. పదకొండు నుంచి పందొమ్మిది వరకు అన్నిటా పది తొంగిచూస్తుంది. ఇంగ్లీషులో ‘థర్టీన్’ అన్నప్పుడు మూడు ముందు, పది వెనుక. ‘థర్టీ’కీ దానికీ చెవిలో తేడా స్వల్పం. హిందీలో ఇరవై తొమ్మిదికి ‘ఉన్‌తీస్’, అనగా ముప్పైకి ఒకటి తక్కువ అనే అర్థం. వంద వరకు ఇంచుమించు ప్రతి పేరునూ విడిగా నేర్చుకొనవలసి ఉంటుంది. హిందీ, ఉర్దూ, మరాఠీ ఇండ్లవారు ఈ కష్టాన్ని గుర్తించి, “రెండు పదులు, తొమ్మిది ఒకట్లు” అని తమ భాషలో విడదీసి చెప్పే అలవాటు చేయవలె. తెలుగువారు చేతిలో ఉన్న వరాన్ని వదలుకొనకుండా, అంకెలు తెలుగులో గట్టిపడిన తరువాత ఇంగ్లీషు పేర్లు నేర్పవలె. పేర్లు నేర్చుకొనడానికి కొన్ని వారాలు చాలు. భావం నేర్చుకొనడానికి ఏండ్లు పడతవి. గణితాన్ని తెలుగులో చెప్పడం మనకు కొత్త కూడా కాదు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు చేసినాడు.

ఏ పుస్తకమైనా కొనే ముందు అందులో మూడు చోట్ల తెరచి చూడండి. సంఖ్య మొదటిసారి వచ్చే చోట వస్తువుతో మొదలైనదా, ఉత్త అంకెతోనా అని చూడండి. పదులు, ఒకట్లు వచ్చే చోట కట్టలు కట్టే పని, విప్పే పని ఉన్నదా అని చూడండి. తీసివేత వచ్చే చోట బిడ్డను జవాబు మాత్రమే అడుగుతున్నదా, ఎట్లు వచ్చినదో కూడా చెప్పమంటున్నదా అని చూడండి. ఈ మూడు చోట్ల తృప్తి కలిగితే ఆ పుస్తకం తీసుకొనవచ్చు. ఒకసారి తీసుకొన్న తరువాత ఏడాది మధ్యలో మార్చవద్దు. మూడు బడులు మారిన బిడ్డకు ఇంటిలో మూడు పుస్తకాలు మార్చడం అదే గాయాన్ని రేపడం.

మొదటి ఏడు ఇరవై వరకు సంఖ్యలతో అన్ని విధాల ఆడుకొని, తొంభై తొమ్మిది వరకు కట్టలు కట్టడం వస్తే చాలు. రెండవ ఏడు రెండంకెల కూడిక, తీసివేత, డబ్బు, గడియారం. మూడవ ఏడు వందలు, గుణకారం, సమంగా పంచడం, సగం, పావు. ఎక్కాలు ఎప్పుడని పెద్దలు అడుగుతారు. మూడు షీట్లంటే మూడు పదులు అని చేతితో తెలిసిన తరువాత ఎక్కం కంఠస్థం చేయించవలె. వీధిబడిలో వల్లెవేసిన ఎక్కాలు జీవితమంతా తోడుంటవి. వానిని మేము తక్కువ చేయడం లేదు. అర్థం ముందు, వల్లె వెనుక అని మాత్రమే మా మనవి.

రోజుకు ఎంతసేపు? కూర్చొని చేసే పాఠం అరగంట. మిగిలినది వంటింటిలో, దుకాణంలో, బస్సు కొరకు నిలుచున్నచోట. 1929లో అమెరికాలోని మాంచెస్టర్ పట్టణంలో బెనెజెట్ అనే విద్యాధికారి, ఇంటిలో ఇంగ్లీషు మాట్లాడని వలస కార్మికుల పిల్లలు ఎక్కువగా ఉన్న కొన్ని బడులలో, చిన్న తరగతుల కాగితం లెక్కలను ఆపించినాడు. వానికి బదులు పొడవులు అంచనా వేయడం, డబ్బు, గడియారం, క్యాలెండరు, చూచినదానిని నోటితో చెప్పడం చేయించినాడు. ఆరవ తరగతిలో కాగితం లెక్కలు మొదలుపెట్టిన ఆ పిల్లలు ఏడాదిలోనే తక్కినవారిని అందుకొన్నారు. మన పిల్లలు బడితో కలియవలసి ఉన్నది కనుక అంత దూరం పోవద్దంటాము. అయినా ఒక నెల వెనుకబడినంత మాత్రాన కొంప మునగదనే ధైర్యానికి ఈ ఉదాహరణ చాలు.

చివరకు ఆ తల్లికి మేము ఏమి చెప్పినామంటే, రాష్ట్ర పాఠ్యపుస్తకాన్ని వెన్నెముకగా పెట్టుకొని, ‘జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్’లోని పనులను దానికి తోడు చేసుకొనమన్నాము. వారానికి రెండు రోజులు, తండ్రి ఇంటిలో ఉన్నప్పుడు, షీట్ల పాఠం ఆయనే చెప్పవలెనని కోరినాము. మూడు నెలల తరువాత ఆమె మరొక ఉత్తరం వ్రాసినారు. పాప ఇంకా వందలు మొదలుపెట్టలేదట. కాని ఒకనాడు ప్రక్కింటి పిల్లవాడు 41 లో నుంచి 6 తీసివేసి 45 అని వ్రాస్తే, పాప చూచి, “నువ్వు షీటు ఇప్పలే” అని వానికి చెప్పినదట.